ఫిల్మ్ సొసైటీలు నడిపే మిత్రులకు: ఆ సన్యాసి సినిమాని తెలుగులో వేయండి

హైదరాబాదు, విజయవాడ, విశాఖ, గుంటూరు, కరీంనగర్, అనంతపురం... ఎక్కడెక్కడ ఫిల్మ్ సొసైటీలు నడుపుతున్నారో ఆ మిత్రులందరికీ నమస్కారం.

మీలో కొందరికి నేను మొహం తెలిసినదాన్నే. ఆదివారం సాయంత్రం వెనక వరసలో, ఫ్యాను కింద కుర్చీ వెతుక్కుని కూర్చునే మనిషిని. సినిమా అయిపోయి చర్చ మొదలవగానే బస్సు వంక పెట్టి లేచిపోతాను. ముప్పై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దడం నా పని. మధ్యమధ్యలో అనువాదాలు. చర్చలో నోరు విప్పని మనిషి ఇంత పొడుగు ఉత్తరం రాసిందేమిటని అనుకోకండి. నోటితో చెప్పడం రాకే రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ‘యాంగ్రీ మాంక్’ అని 2005లో వచ్చిన స్విస్ డాక్యుమెంటరీ ఒకటి ఉంది. తీసినాయన లూక్ షెడ్లర్. నిడివి 97 నిమిషాలు. గెందున్ చోఫెల్ అనే టిబెటన్ మనిషి కథ. ఆయన బౌద్ధ సన్యాసి, చిత్రకారుడు, కవి, చరిత్రకారుడు. తర్వాత సన్యాసం వదిలేసినవాడు, జైలుకెళ్ళినవాడు, తాగుడికి బానిసైనవాడు కూడా. ఈ చలికాలంలో ఆ సినిమాని తెలుగు సబ్‌టైటిల్స్‌తో వేయండి. కోత పెట్టకుండా వేయండి. ఇదీ నా మనవి. ఇంత పట్టుబట్టి ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే మిగతా ఉత్తరమంతా.

పోయిన వేసవిలో దీన్ని మా మేడ మీద చూశాం. ప్రొజెక్టర్ తెచ్చింది మా పక్కింటబ్బాయి, పెళ్ళి వీడియోలు తీస్తాడు. తెరకి మా అత్తగారి తెల్ల దుప్పటి కట్టాం. గాలికి ఎగురుతుంటే కింది అంచుకి బట్టల క్లిప్పులు పెట్టి, వాటికి నీళ్ళు నింపిన సీసాలు వేలాడదీశాడు. ఉన్నది ఎనిమిది మందిమి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ అంత వేగంగా చదవగలిగినవాళ్ళం ముగ్గురం. మిగతా ఐదుగురి కోసం నేను ల్యాప్‌టాప్ పక్కన కూర్చుని, మాట మాటకీ ఆపి తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. గంటన్నర సినిమా మూడు గంటలు పట్టింది. మధ్యలో కరెంటు పోయింది. ఎవరూ మెట్ల వైపు చూడలేదు. చీకట్లోనే వాదన నడిచింది, సన్యాసం వదిలేసినవాణ్ణి ఇంకా సన్యాసి అనొచ్చా అని.

మా అత్తగారికి ఎనభై దాటాయి. కుర్చీలో నిద్రపోతున్నారనుకున్నాను. లాసాలో ఆయన్ని అరెస్టు చేసి కొరడాతో కొట్టారన్న మాట చెప్పగానే కళ్ళు తెరిచారు. “అంత చదువుకున్నవాణ్ణి ఎందుకు కొట్టారే?” అన్నారు. చప్పున జవాబు దొరకలేదు నాకు. నిజానికి సినిమా మొత్తం ఆ ప్రశ్నే.

ఆయన పుట్టింది 1903లో, టిబెట్‌కి ఈశాన్యాన ఉన్న ఆమ్దోలో, రెబ్కొంగ్ ప్రాంతంలో. థంకాలు, అంటే గుడ్డ మీద వేసే బౌద్ధ చిత్రాలకి ఆ ఊళ్ళది పెద్ద పేరు. మనకి చేర్యాల నకాషీ ఎలాగో వాళ్ళకి అది అలాగ. అందుకే కాబోలు, ఎక్కడికి వెళ్ళినా ఆయన చేతిలో కుంచె ఉంది. తండ్రి తాంత్రిక సాధకుడు, సంసారి. పిల్లవాణ్ణి చిన్నప్పుడే ఒక లామాకి పునర్జన్మగా గుర్తించారు. కాబట్టి మఠం తప్పలేదు. కుర్రతనంలో లబ్రాంగ్ మహామఠానికి వెళ్ళాడు. అక్కడ శాస్త్రవాదాల్లో ఎవరికీ అందేవాడు కాదట. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ మఠంలో అందరూ వల్లెవేసే పాఠ్యగ్రంథాలనే ప్రశ్నించడం మొదలుపెట్టాడు. ఖాళీ దొరికితే తనంతట తానే నడిచే చిన్న బొమ్మపడవలు చేసి నీళ్ళలో వదిలేవాడని చెప్పుకుంటారు. పడవ సంగతి వినగానే మా పక్కింటబ్బాయికి ఆయన మీద గౌరవం పుట్టింది. శాస్త్రవాదాల ముక్క మాత్రం వాడికి ఎక్కలేదు.

లబ్రాంగ్‌లో ఇమడలేక 1927 ప్రాంతంలో లాసా చేరాడు. డ్రెపుంగ్ మఠంలో గోమాంగ్ కళాశాల. గురువు గెషే (మఠాల్లో పెద్ద పట్టా) షెరబ్ గ్యాత్సో, ఆ కాలపు మహాపండితుల్లో ఒకరు. గురుశిష్యులిద్దరికీ క్షణం పడేది కాదు. గురువు ఆయన్ని పేరుతో పిలవడం మానేసి ‘పిచ్చివాడా’ అని పిలిచేవారట. పొట్ట గడవడానికి బొమ్మలు వేసి అమ్ముకునేవాడు. పట్టా చేతికొచ్చేదాకా ఆగలేదు. ఒక వాదంలో అసలు బుద్ధత్వమన్నదే లేదన్న పక్షం పట్టుకుంటే ఎవరూ ఓడించలేకపోయారనీ, చివరికి కొందరు సన్యాసులు ఆయన్ని పట్టుకుని ‘ఉంది’ అనేదాకా కొట్టారనీ ఒక కథ. జరిగిందో లేదో గానీ, వాదంలో గెలవలేనివాళ్ళు చెయ్యి చేసుకోవడం మనకేమీ కొత్త కాదు.

1934లో లాసాకి ఒక హిందీ పండితుడు వచ్చాడు. సినిమాలో ఆ పేరు వినబడగానే, మా సభలో ఉన్న రిటైర్డ్ సోషల్ మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “ఆపమ్మా, ఆపు. రాహుల్‌జీయేనా?” అవును, రాహుల్ సాంకృత్యాయనే. మన దగ్గర ఒక తరం ఆయన పుస్తకాలు తెలుగులో చదివే కళ్ళు తెరిచింది. జేబులో డబ్బుల్లేకుండా వారాల తరబడి బస్టాండుల్లో తిరిగిన కుర్రాళ్ళు కూడా కొందరు ఆయన పేరే చెప్పుకునేవారు. మాస్టారు వాళ్ళలో ఒకరు.

భారతదేశంలో తగలబడిపోయిన, చెదలు తినేసిన బౌద్ధ సంస్కృత గ్రంథాలు టిబెట్ మఠాల్లో తాళపత్రాలుగా మిగిలి ఉంటాయని రాహుల్ నమ్మకం. వాటిని వెతకడానికి తోడు కావాలి. టిబెటన్ శాస్త్రాలు తెలిసినవాడు, దారి తెలిసినవాడు, మఠాధిపతుల్ని చూసి వణకనివాడు కావాలి. గెందున్ చోఫెల్ దొరికాడు. ఇద్దరూ మఠం మఠానికీ తిరిగారు. ఇనపపెట్టెలు తెరిపించారు, దుమ్ము దులిపారు, జాబితాలు రాసుకున్నారు. ఆ ప్రయాణం నేపాల్ మీదుగా ఇండియాలో తేలింది. కొన్నాళ్ళకని వచ్చినవాడు పన్నెండేళ్ళ దాకా తిరిగి వెళ్ళలేదు.

ఆ పన్నెండేళ్ళలో ఏం చేశాడని అడిగితే ఒక పట్టాన చెప్పలేం. కలకత్తా, బెనారస్, బుద్ధగయ, డార్జిలింగ్, కాలింపాంగ్, సింహళం. కాషాయం విడిచాడు. సిగరెట్టు, మందు, స్త్రీలు అన్నీ వచ్చి చేరాయి. సంస్కృతం, పాళీ, ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ధమ్మపదాన్ని పాళీ నుంచి నేరుగా టిబెటన్‌లోకి తెచ్చాడు. కాళిదాసు శకుంతల మీదా, భగవద్గీత మీదా చెయ్యి వేశాడు. తనలా కాలినడకన, రైళ్ళ మీద వచ్చే టిబెటన్ యాత్రికుల కోసం ఇక్కడి బౌద్ధ క్షేత్రాలకు ఒక గైడు పుస్తకం రాశాడు. ఏ స్టేషన్లో దిగాలో కూడా చెప్పే పుస్తకం అది.

1938లో కాలింపాంగ్ నుంచి వెలువడే ‘మెలోంగ్’ పత్రికలో ఆయన వ్యాసం ఒకటి అచ్చయింది. మెలోంగ్ అంటే అద్దం. దాన్ని నడిపింది థార్చిన్ అనే కిన్నౌర్ క్రైస్తవుడు. ఆ వ్యాసంలో ఆయన చెప్పిందేమిటంటే, భూమి గుండ్రంగా ఉంది. 1938లో! చదివి నవ్వకండి. మేరుపర్వతం చుట్టూ నాలుగు దీవులున్న బల్లపరుపు లోకమే అక్కడి శాస్త్రం. మిగతా దేశాలన్నీ ఎప్పుడో ఒప్పుకున్నాయి, మనమే మిగిలామని తన వాళ్ళకి చెప్పాడు. టిబెట్‌లో పాతదంతా బుద్ధుడు చేసింది, కొత్తదంతా దయ్యం చేసిందన్నట్టుగా ఉంటుందని ఆయన పడ్డ బాధ కూడా ఇలాంటిదే.

నాకు మాత్రం భూమి గుండ్రంగా ఉందన్న వ్యాసం కంటే ఆయన పూల సంగతి ఎక్కువ నచ్చింది. టిబెటన్ కవులు వందల ఏళ్ళుగా సంస్కృత కావ్యాల్లోని పూల పేర్లూ చెట్ల పేర్లూ వాడుకుంటున్నారు. వాటిలో చాలావాటిని ఒక్కరూ చూసిన పాపాన పోలేదు. ఆ చలిదేశంలో ఎక్కడ మొలుస్తాయి? ఈయన ఇండియాలో తిరుగుతూ, ఏ పేరు ఏ చెట్టుదో, ఎలా గుర్తుపట్టాలో తన యాత్రాగ్రంథంలో ఒక అధ్యాయమే రాశాడు. అనువాదం చేసేవాళ్ళకి ఈ కష్టం తెలుసు. పేరు తెలిసి వస్తువు తెలియని మాటల్ని వాక్యంలో ఎక్కడో దాచేసి ముందుకెళ్ళిపోతాం. ఆయన అలా వెళ్ళలేదు, చెట్టు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

ఇంకో సంగతి కూడా నా సొంతగోలతో కలిపి చెప్పాలి. కులు లోయలోని నగ్గర్‌లో జార్జ్ రోరిక్ అనే రష్యన్ పండితుడు ఒక పెద్ద టిబెటన్ చరిత్రగ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెస్తుంటే, గెందున్ చోఫెల్ పక్కన కూర్చుని పని చేశాడు. టిబెటన్‌లో పదిహేనో శతాబ్దపు మత చరిత్ర అది, కొరుకుడు పడని పుస్తకం. 1949లో, 1953లో రెండు భాగాలుగా కలకత్తాలో అచ్చయింది. టైటిల్ పేజీ మీద రోరిక్ పేరొక్కటే. ముందుమాటలో ఈయనకో కృతజ్ఞత. అప్పటి బాధని ఒక పద్యంలో వెళ్ళగక్కాడంటారు. జ్ఞానం తప్ప ఏమీ కోరని బీద పండితుడి ప్రతిభ డబ్బున్నవాడి కింద నలిగిపోతోంది, సింహం కుక్కకి ఊడిగం చేస్తోంది అన్నది దాని భావం. రోరిక్ పండితుడే, ఆ మాట అన్యాయమని అనేవాళ్ళున్నారు. ఉండొచ్చు. నేను మాత్రం తటస్థంగా ఉండలేను. ఒకప్పుడు నేను నాలుగు వందల పేజీల పుస్తకం అనువాదం చేసి ఇస్తే, అచ్చయి వచ్చిన రోజు నా పేరు కోసం అట్ట లోపల, వెనక, కాపీరైట్ పేజీలో అంతా వెతుక్కున్నాను. చివరికి దొరికింది, ‘ప్రూఫులు’ అన్న మాట పక్కన. సినిమా అక్కడికి వచ్చినప్పుడు ఆపి తెలుగు చెప్పడానికి నాకు కొంచెం గొంతు పట్టేసింది. పక్కింటబ్బాయి మంచినీళ్ళ సీసా అందించాడు, దుప్పటికి కట్టినదాన్ని విప్పి.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఈ సినిమా వేయమని మన రెండు రాష్ట్రాల్లోనే ఒక ఊరి సొసైటీ వాళ్ళని ఫోన్లో అడిగాను. ఊరి పేరు అనవసరం. ఆయన మర్యాదగానే మాట్లాడారు. “బుద్ధపూర్ణిమకి వేద్దాం మేడమ్, మంచి కాన్సెప్టు. కాకపోతే ఆ కామశాస్త్రం సంగతి ఉన్నచోట కొంచెం ట్రిమ్ చేద్దాం. ఫ్యామిలీస్ వస్తారు కదా, లేనిపోని టెన్షన్” అన్నారు.

నిజమే, గెందున్ చోఫెల్ కామశాస్త్రం రాశాడు. 1938లో, యమున ఒడ్డున మథురలో ఒక స్నేహితుడింట్లో కూర్చుని పూర్తి చేశాడు. పద్యాల్లో రాశాడు. సంస్కృత కామశాస్త్రాలు చదివి, దానికి సొంత అనుభవం కలిపి రాశానని దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. అంతకుముందు మిఫమ్ అనే మహాలామా ఇదే విషయం మీద రాసిన పుస్తకం ఉంది. ఆ పెద్దాయన చదివి రాశాడు, నేను చేసి రాశాను అని ఆటపట్టించాడు కూడా. అంత కొంటెతనం ఉన్నా ఆ పుస్తకంలో అసభ్యం వెతికేవాళ్ళకి దొరికేది తక్కువే. అందులో స్త్రీ సుఖానికి మగవాడి సుఖంతో సమానంగా చోటు ఉంది. బలవంతాన్ని తిట్టాడు. రాజు వెయ్యిమంది రాణుల్ని పెట్టుకుంటే వైభవమంటారు, ఆడది చాలామందితో తిరిగితే లోకమంతా నోరు పారేసుకుంటుంది, ఇదెక్కడి న్యాయమని నిలదీశాడు. సన్యాసుల మధ్య పెరిగిన మనిషి, 1938లో. కొక్కోకాన్ని పద్యాల్లో చదువుకున్న జాతి మనది. గుడి గోపురాల మీద బొమ్మల్ని పిల్లలకి చూపిస్తూ ప్రదక్షిణ చేయిస్తాం. ఇక్కడికొచ్చేసరికి ఫ్యామిలీస్ గుర్తొచ్చారు.

మా మేడ మీద ఫ్యామిలీయే ఉంది. ఆ భాగం కూడా నేను అక్షరం వదలకుండా తెలుగులో చెప్పాను, మా అత్తగారి ముందే. మా ఆయన కాసేపు మామిడిచెట్టు వైపు చూస్తూ కూర్చున్నారు, అంతే. అత్తగారు మాత్రం, “మరి ఆ ఆడవాళ్ళంతా ఏమయ్యారు?” అని అడిగారు. చూశారా, కోత పెట్టి ఉంటే ఈ ప్రశ్న పుట్టేదే కాదు. ఆయన్ని ప్రేమించిన వాళ్ళు, ఆయనకి తిండి పెట్టినవాళ్ళు, కలకత్తా సందుల్లో ఆయనకి డబ్బుకి దొరికినవాళ్ళు... వాళ్ళ గురించి ఆయన మాటే మనకి మిగిలింది, వాళ్ళ మాట మిగల్లేదు. ఆయన్ని గొప్ప చేసి చూపించేటప్పుడు ఈ లోటు కూడా కనబడాలి. మీ చర్చల్లో ఎవరైనా ఈ మాట ఎత్తితే, ఆ రోజుకి నేను బస్సు మిస్సవుతాను.

1939లో కాలింపాంగ్‌లో కొందరు టిబెటన్లు కలిసి ఒక పార్టీ పెట్టుకున్నారు. దేశంలో సంస్కరణలు రావాలని వాళ్ళ కోరిక. దాని ముద్ర గీసిపెట్టింది గెందున్ చోఫెల్. కొడవలి, కత్తి, మగ్గం. బ్రిటిష్ వాళ్ళ నిఘా పడింది, కబురు లాసాకి చేరింది. ఆయన సామానంతా నోట్సులూ రాతప్రతులూ నింపుకుని సొంత దేశం చేరాడు. కొద్ది నెలల్లోనే, 1946లో అరెస్టు చేశారు. దొంగనోట్లు పంచాడన్నది అభియోగం. నోట్లు సాకేనని ఆయన్ని ఎరిగినవాళ్ళందరూ అంటారు. మూడేళ్ళకి దగ్గరగా జైలు. కాగితాలు పట్టుకుపోయారు. జైలు గోడ మీద ఆయన రాసిన పద్యం ఒకటి మిగిలింది. అసూయ నెత్తురు తాగి మత్తెక్కిన పులి గర్జిస్తున్న అడవిలో, నిజం తప్ప తెలియని చిన్నపిల్లాడు ఒంటరిగా ఉన్నాడు, తెలిసినవాళ్ళు వాడి మీద జాలి చూపండి అని. వాదంలో ఎవరికీ తలవంచని మనిషి గోడకి జాలి అడిగాడు. అది నేను తెలుగులో చెప్పలేకపోయాను సరిగ్గా. ఇంకా దిద్దుతున్నాను.

1949లో బయటికొచ్చాడు. తాగుడు ఎక్కువైంది. తొలి టిబెటన్ రాజుల చరిత్రని, మతకథలు పక్కన పెట్టి పాత పత్రాల ఆధారంగా రాయడం మొదలుపెట్టిన గ్రంథం సగంలోనే ఉండిపోయింది. ఈయన్ని వాదానికి లాగుదామని కొందరు పండితులు ఇంటికొస్తే, కాలుస్తున్న సిగరెట్టు బూడిద బుద్ధుడి విగ్రహం మీద దులిపి అక్కణ్ణించే వాదం మొదలుపెట్టాడని ఒక కథ. 1951 శరత్తులో చైనా సైన్యం లాసాలో అడుగుపెట్టింది. ఆ అక్టోబరులోనే ఆయన పోయాడు. నలభై ఎనిమిదేళ్ళు.

మరి ఇందులో మనకేం సంబంధం అంటారా? ఉంది. ఆయన చివర్లో ఒక శిష్యుడికి చెప్పి రాయించిన పుస్తకం నాగార్జునుడి తత్వం మీద. అవును, మన నాగార్జునుడే. శ్రీపర్వతం, విజయపురి, కృష్ణ ఒడ్డు. ఆ పుస్తకంలో వాదం ఇలా నడుస్తుంది: ఇది ఉంది, అది లేదు అని మనం తేల్చేదంతా మన మనసుకి తోచినదాన్ని బట్టే కదా. ఆ మనసుని నమ్మొచ్చని ఎవరు పూచీ? మళ్ళీ మనసే. పదిమందికి ఒకేలా తోస్తే దాన్ని నిజమనేస్తాం. ఆ పుస్తకం బయటికొచ్చాక అక్కడి మఠాల్లో పుట్టిన దుమారం చాలాకాలం చల్లారలేదు. ఖండన గ్రంథాలు వచ్చాయి. చనిపోయినవాడి మీద కోపంతో పండితులు అంత శ్రమ పడ్డారంటే మాట ఎక్కడో గట్టిగానే తగిలింది.

ఇక మన సంగతి. నాగార్జునుడు ఒక శాతవాహన రాజుకి ఉత్తరం రాశాడు. సుహృల్లేఖ. స్నేహితుడికి రాసిన లేఖ. రాజు గౌతమీపుత్ర శాతకర్ణి అని కొందరు, యజ్ఞశ్రీ అని కొందరు. రాజుకి బహిరంగంగా బుద్ధి చెప్పిన ఉత్తరాల్లో మన నేల మీద అదే మొదటిదనుకుంటాను, నాలాంటి వాళ్ళందరికీ మూలపురుషుడు ఆయనే. ఆ ఉత్తరం సంస్కృతంలో మనం నిలుపుకోలేకపోయాం. టిబెటన్లు, చైనా వాళ్ళు తమ భాషల్లోకి తిప్పుకుని దాచుకున్నారు. ఆ దాచుకున్న జాతిలోంచి ఒకడు పుట్టి, పోయినవాటిని వెతకడానికి మన రాహుల్‌తో మఠాలు పట్టి తిరిగి, పన్నెండేళ్ళు మన దేశపు ఎండలో కాలి, చివరికి నాగార్జునుడితో మాట్లాడుతూ పోయాడు. ఆయన ఇక్కడ తిరుగుతున్న ఆ రోజుల్లో నాగార్జునకొండ లోయ ఇంకా నీట మునగలేదు కూడా. 1926లో బయటపడిన స్తూపాలు లోయలోనే ఉన్నాయి. తర్వాత ఆనకట్ట వచ్చింది. తవ్వి తీసినవి కొండ మీదికి చేర్చారు. ఇప్పుడు మనం లాంచీ ఎక్కి వెళ్ళి, మ్యూజియంలో పావుగంట తిరిగి, చేపల పులుసు తిని వచ్చేస్తున్నాం. ఆ చేపల పులుసు మీద నాకేం ఫిర్యాదు లేదు. నాగార్జునుడు ఏమన్నాడో తెలుసుకోవాలన్న దురద కూడా అక్కడే పుడితే బాగుండునని.

2006 జనవరిలో అమరావతిలో కాలచక్ర, అంటే టిబెటన్ బౌద్ధుల పెద్ద దీక్షాసభ, జరిగినప్పుడు గుంటూరు బస్సులో నా పక్కన ఒక ముసలి టిబెటన్ అమ్మ కూర్చుంది. వాళ్ళకి అమరావతి అంటే శ్రీధాన్యకటకం, బుద్ధుడు కాలచక్ర తంత్రం చెప్పిన చోటు. దీపాలదిన్నె దగ్గర దిగి, ఆ మట్టి కొంచెం తీసి కొంగులో ముడేసుకుంది. నేను మాచవరం సంతకి వెళ్ళొస్తున్నట్టు కూర్చున్నాను. ఎవరి క్షేత్రంలో ఎవరు పరాయివాళ్ళో ఆ రోజు కొంచెం అర్థమైంది.

సినిమా గురించి కూడా రెండు ముక్కలు. పొగడ్తల సినిమా కాదు. ఆయన నడిచిన దారుల వెంట కెమెరా వెళ్తుంది, రోడ్ మూవీలాగా. పాత టిబెట్ ఫిల్ము ముక్కలు, ఆయన్ని ఎరిగిన ముసలివాళ్ళ మాటలు, ఇప్పటి లాసా హోరు, అన్నీ పక్కపక్కనే వస్తాయి. మంచుకొండలూ ధ్యానమూ చిరునవ్వులూ అన్న క్యాలెండరు టిబెట్ ఇందులో లేదు. చైనా రాకముందు టిబెట్‌లోనూ జైళ్ళున్నాయి, కొరడాలున్నాయి అని దాచకుండా చెబుతుంది. అలాగని చైనాని వెనకేసుకురాదు. నాకున్న అసంతృప్తల్లా ఆయన బొమ్మల దగ్గరా, నాగార్జునుడి పుస్తకం దగ్గరా ఇంకాసేపు ఆగి ఉంటే బాగుండుననే. రాజకీయం, ప్రయాణం మీద ఉన్న మనసు కుంచె మీద అంతగా లేదనిపించింది. ఆ లోటు మీ పరిచయ ప్రసంగంలో పూడ్చొచ్చు, పది నిమిషాలు చాలు. దయచేసి పదే. ముఖ్య అతిథి, జ్యోతి ప్రజ్వలన, శాలువా అక్కర్లేదు. బుద్ధపూర్ణిమ నాడు అసలే వద్దు. ఆ రోజు వేస్తే ఈయన్ని కూడా దండ వేసి కూర్చోబెట్టేస్తారు.

సబ్‌టైటిల్స్ నేను రాస్తాను. డబ్బులు వద్దు, పేరు మాత్రం వేయండి. మొదటి ముప్పై నిమిషాలు అయిపోయింది. తెలుగు మాట పొడుగు, తెర మీద రెండు లైన్లకి మించితే చదివేలోపు దృశ్యం దాటిపోతుంది. కాబట్టి ఒక్కో వాక్యాన్ని నాలుగుసార్లు కోస్తున్నాను. దర్శకుడి అనుమతి కోసం ఉత్తరం మాత్రం సొసైటీ పేరుతోనే వెళ్ళాలి, వ్యక్తిగా నేను అడిగితే బాగుండదు. దొంగచాటుగా డౌన్‌లోడ్ చేసి వేసే పని పెట్టుకోకండి. మా మేడ మీద ఆట లెక్కలోకి రాదు లెండి, ఎనిమిది మందిమే.

చలికాలమే ఎందుకన్నానో చెప్పి ముగిస్తాను. సబ్‌టైటిల్స్‌లో పేర్లు ఎలా పలకాలో నాకు తెలియక, పోయిన డిసెంబరులో స్వెట్టర్లు అమ్మే టిబెటన్ల కొట్ల దగ్గరికి వెళ్ళాను. అత్తగారికి ఒక స్వెట్టరు బేరమాడుతూ, వచ్చీరాని హిందీలో గెందున్ చోఫెల్ పేరు చెప్పాను. కొట్లో కూర్చున్నాయనకి అరవై ఉంటాయి. చేతిలో ఉన్న మఫ్లరు మడతపెట్టడం ఆపేశాడు. నేనెలా పలకాలో మూడుసార్లు పలికి చూపించాడు. వాళ్ళది కర్ణాటకలోని ముండ్‌గోడ్ సెటిల్‌మెంటట, ఆయన తమ్ముడు అక్కడి గోమాంగ్‌లోనే సన్యాసిట. లాసాలో పోయిన ఆ కళాశాలని వాళ్ళు అక్కడ మళ్ళీ కట్టుకున్నారు. “తాగేవాడు. మా పెద్దలు ఆయన పేరెత్తితే తిట్టేవాళ్ళు. దాచుకుని చదివేవాళ్ళు కూడా” అన్నాడు. స్వెట్టరు మీద వంద తగ్గించాడు. తెలుగులో సినిమా వేస్తే వస్తారా అని అడిగాను. పక్క కొట్ల వాళ్ళని కూడా తీసుకొస్తా, రాత్రి తొమ్మిది తర్వాతైతే, అన్నాడు. కొట్టు మూసేది అప్పుడే.

వాళ్ళు నవంబరులో వస్తారు, సంక్రాంతి దాటాక సర్దుకుంటారు. ఆ మధ్యలో ఏదో ఒక రోజు చూడండి. ఆట తొమ్మిదిన్నరకి.